మనోరోగ నర్సింగ్: పునాదులు

మనోరోగ నర్సింగ్ అంటే ఆలోచన, భావోద్వేగం, ప్రవర్తన అదుపు తప్పిన మనిషికి జబ్బు తగ్గేదాకా, తగ్గిన తర్వాత కూడా తోడుగా ఉండి చేసే శాస్త్రీయమైన సేవ. డాక్టరు వార్డులో ఉండేది కొద్దిసేపు. నర్సులు మాత్రం డ్యూటీలు మార్చుకుంటూ ఇరవై నాలుగు గంటలూ ఉంటారు. రోగి రాత్రి ఎప్పుడు నిద్రపోయాడు, కంచం ఎందుకు పక్కకు నెట్టాడు, ఎవరూ లేనిచోట ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు ఎప్పుడు కదిలాయి, మాత్ర మింగాడా, బుగ్గన దాచుకున్నాడా అన్నవి ముందుగా తెలిసేది వాళ్ళకే. మిగతా వార్డుల్లో థర్మామీటరు, బీపీ మిషను, సెలైను ఉపయోగపడినట్టు ఇక్కడ నర్సు మాట, చూపు, ఓర్పు చికిత్సకు ఉపయోగపడతాయి. ఈ పనికి ఆధారాలు రెండు. మెదడు ఎలా పనిచేస్తుందో తెలియడం ఒకటి. రోగికి మనిషిగా ఉన్న హక్కులు తెలిసి వాటిని కాపాడటం రెండోది. మొదటిది తెలియని నర్సు జబ్బు లక్షణాన్ని మొండితనం అనుకుంటుంది. రెండోది పట్టని నర్సు చేతిలో ఎంత మంచి మందైనా శిక్షగా మారుతుంది.

జంషెడ్‌పూర్‌లోని కద్మా వాసులకు ఈ విషయం దూరమైనదేమీ కాదు. టాటా ఉక్కు కర్మాగారంలో పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ ఊళ్ళో స్థిరపడ్డాయి. ఇక్కడికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, రాంచీ శివార్లలోని కాంకేలో, దేశ మనోవైద్య చరిత్రలో పెద్ద పేరున్న రెండు సంస్థలున్నాయి. అటు విశాఖపట్నంలో 1871లో మొదలైన ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇంట్లో ఒకరికి మతి చలించిందంటే కద్మా తెలుగు కుటుంబం ఎదుట ఉన్న పెద్దాసుపత్రుల దారులు ఈ రెండే. అయితే హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరులాగే ఇక్కడ కాంకే పేరు కూడా వెక్కిరింతగా వాడుకలోకి రావడంతో, ఆ దారి పట్టడానికి ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి జంకుతారు. ఆ జంకు వల్ల జరిగే నష్టం జబ్బు చేసే నష్టానికి తక్కువేమీ కాదు.

చరిత్ర

పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా ఐరోపాలో మతి చలించినవారిని గొలుసులతో కట్టేసి ఉంచేవారు. గొలుసులు విప్పించిన ఘనత ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ పినెల్‌కు దక్కింది. కానీ పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో 1797లో ఆ పని నిజంగా చేసినవాడు జాన్ బాప్తీస్త్ ప్యుసాఁ. అతడు వైద్యుడు కాదు, వార్డు బాధ్యతలు చూసే సేవకుడు. రోగులతో రోజంతా గడిపిన మనిషికే వాళ్ళకు గొలుసు అక్కర్లేదని ముందు తెలిసింది. మనోరోగ నర్సింగ్ చరిత్రను ప్యుసాఁతో మొదలుపెట్టడమే న్యాయం. ఇంగ్లండులోని యార్క్‌లో విలియం ట్యూక్ 1796లో తెరిచిన రిట్రీట్ కూడా దయ, క్రమబద్ధమైన దినచర్య, చేతికి పని అనే మూడింటినీ చికిత్సగా చూసింది.

శిక్షణ పొందిన నర్సులు ఈ రంగంలోకి వచ్చింది ఆ తర్వాత చాలాకాలానికి. అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రిలో 1882లో మనోరోగ నర్సుల శిక్షణాలయం మొదలైంది. అమెరికాలో తొలి మనోరోగ నర్సుగా లిండా రిచర్డ్స్ పేరు చెబుతారు. 1920లో హ్యారియెట్ బెయిలీ ఈ శాఖకు తొలి పాఠ్యపుస్తకం రాసింది. 1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ నర్సుకు, రోగికి మధ్య ఏర్పడే సంబంధమే చికిత్స అని సిద్ధాంతీకరించింది. ఆమె తర్వాత మనోరోగ నర్సును కాపలా మనిషిగా చూసే అలవాటుకు శాస్త్రంలో చోటు లేకుండా పోయింది.

కాంకే చరిత్రలో ఈ మార్పులన్నీ కనిపిస్తాయి. ఇప్పుడు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ అని పిలిచే సంస్థ 1918 మే 17న తెల్లవారి కోసం మాత్రమే 174 పడకలతో తెరుచుకుంది. 1919 నుంచి 1934 దాకా సూపరింటెండెంటుగా ఉన్న ఓవెన్ బర్క్‌లీ హిల్ దాన్ని బందిఖానాలా కాక ఆసుపత్రిలా నడపాలని పట్టుబట్టాడు. 1922లోనే అక్కడ వృత్తి చికిత్స విభాగం ఏర్పడింది. లిథియం, క్లోర్‌ప్రొమాజిన్ వంటి మందులు 1950ల తొలి ఏళ్ళలోనే అక్కడ వాడకంలోకి వచ్చాయి. చుట్టూ వరండాలున్న విడివిడి వార్డులు, రోగులు ఆవరణలో తిరగగల వీలు ఆ సంస్థకు మొదటి నుంచీ ఉన్న గుర్తింపు. మనోరోగ నర్సింగ్‌లో డిప్లొమా కోర్సు కూడా అక్కడ నడుస్తోంది.

భారతీయ రోగుల ఆసుపత్రి కథ వేరు. 1925లో పట్నా నుంచి కాంకేకు తరలించిన ఆ సంస్థ మొదట ఇండియన్ మెంటల్ హాస్పిటల్‌గా, 1958 నుంచి రాంచీ మానసిక ఆరోగ్యశాలగా నడిచింది. 1980ల నాటికి దాని పరిస్థితి ఎంత దిగజారిందంటే, పౌరులు రాసిన లేఖను సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించాల్సి వచ్చింది. రాకేశ్ చంద్ర నారాయణ్ వర్సెస్ బిహార్ ప్రభుత్వం పేరుతో సాగిన ఆ వ్యాజ్యంలో, 1986లో కోర్టు ఇచ్చిన ఆదేశాలు నేటికీ నర్సింగ్ విద్యార్థులు చదవాల్సినవి. రోగులకు సరిపడా తిండి, తాగునీరు, మరుగుదొడ్లు, పరుపులు, దుప్పట్లు ఇవ్వాలనీ, మందుల ఖర్చుపై ఉన్న పరిమితిని తీసేయాలనీ దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. ఆసుపత్రికి స్వయంప్రతిపత్తి ఇచ్చి, 1998లో రిన్‌పాస్‌గా పేరు మార్చారు. కప్పుకోవడానికి దుప్పటి కూడా హక్కేనని మన దేశంలో కోర్టు మెట్లెక్కి సాధించుకున్న సంగతి ఇది.

నర్సులకు ప్రత్యేక శిక్షణ విషయంలో బెంగళూరు దారి చూపింది. 1954లో అక్కడ ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఆ దశకంలోనే మనోరోగ నర్సింగ్ డిప్లొమా మొదలుపెట్టింది. 1974లో అదే నిమ్హాన్స్‌లో భాగమైంది. నేడు జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివే ప్రతి విద్యార్థీ మనోరోగ వార్డులో కొంతకాలం పనిచేయాలి.

మెదడు పని

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. శరీర బరువులో రెండు శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో ఐదో వంతు దానికే ఖర్చవుతుంది. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. నుదుటి వెనక ఉండే లలాట భాగం ముందుచూపునూ తొందరపాటుకు పగ్గాన్నీ ఇస్తుంది. చెవుల పైభాగాన ఉండే కణత భాగంలో వినికిడి, భాష, జ్ఞాపకం ఉంటాయి. లోపలున్న ఎమిగ్డలా భయాన్ని పసిగడుతుంది. హిప్పోకాంపస్ కొత్త జ్ఞాపకాలను భద్రపరుస్తుంది. నిద్ర, ఆకలి, హార్మోన్లకు హైపోథాలమస్ కేంద్రం. లలాట భాగం దెబ్బతిన్న మనిషి నలుగురిలో సిగ్గు మరిచి ప్రవర్తిస్తే అది గుణదోషం కాదు, పగ్గం తెగిన మెదడు. ఈ ఒక్క సంగతి తెలిసినా నర్సు గొంతులో కసురు తగ్గుతుంది.

నాడీకణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా సంకేతాలు పంపుకుంటాయి. డోపమైన్, సెరటోనిన్, నారడ్రినలిన్, గాబా, గ్లుటమేట్, ఎసిటైల్‌కోలిన్ వాటిలో ముఖ్యమైనవి. ఒక్క డోపమైన్ సంగతి వివరంగా చూస్తే, మెదడు జ్ఞానం నర్సు చేతిపనిగా ఎలా మారుతుందో అర్థమవుతుంది. మెదడులో డోపమైన్‌కు వేర్వేరు దారులున్నాయి. భావోద్వేగ కేంద్రాలకు వెళ్ళే దారిలో అది మితిమీరితే లేని గొంతులు వినిపించడం, ఎవరో తరుముతున్నారన్న నమ్మకం బలపడతాయి. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే మందులు ఆ దారిని అడ్డుకుంటాయి. కానీ మందు ఒక్క దారినే ఎంచుకోలేదు. కదలికలను అదుపు చేసే దారినీ అడ్డుకోవడంతో ఒళ్ళు బిగుసుకోవడం, చేతులు వణకడం, చొంగ కారడం కనిపిస్తాయి. హార్మోన్ల దారి మూసుకుంటే ప్రొలాక్టిన్ పెరిగి ఆడవాళ్ళకు నెలసరి ఆగుతుంది, పాలు వస్తాయి. పెళ్ళికాని అమ్మాయికి ఇలా జరిగితే ఇంట్లో ఎంత దుమారం రేగుతుందో ఊహించవచ్చు. నర్సు ముందే చెప్పి ఉంటే ఆ దుమారం రేగదు.

వార్డులో తరచు ఎదురయ్యే సందర్భం ఒకటుంది. హాలోపెరిడాల్ ఇంజెక్షను ఇచ్చిన కుర్రవాడికి కొద్ది గంటల్లో మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది, కళ్ళు పైకి నిలబడతాయి, నాలుక మందమవుతుంది. చూసిన బంధువులు గాలి సోకిందనో, చేతబడి అనో ఓఝాను (భూతవైద్యుణ్ణి) పిలుస్తామంటారు. అది తీవ్రమైన డిస్టోనియా. డాక్టరు రాసిన ప్రొమెథజిన్ లాంటి ఇంజెక్షనుతో చాలామందికి అరగంటలోపే సర్దుకుంటుంది. మందు పనిచేసేదాకా పక్కన కూర్చుని, ఇది జబ్బు ముదరడం కాదు, మందు వల్ల వచ్చి పోయేదేనని చెప్పడం నర్సు పని. ఇంకో సందర్భం ఇంతకన్నా మోసకరమైనది. మందు మొదలైన కొద్ది రోజులకు రోగి ఒక్కచోట కూర్చోలేక వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు, నిలబడ్డా కాళ్ళు మార్చి మార్చి వేస్తాడు. దీన్ని అకతీసియా అంటారు. ఇది తెలియనివాళ్ళు ఉద్రేకం పెరిగిందనుకుని అదే మందు ఇంకో మోతాదు ఇప్పిస్తారు, బాధ రెట్టింపవుతుంది. ‘లోపల ఎలా ఉంది బాబూ, కాళ్ళే ఆగడం లేదా?’ అని అడిగిన నర్సుకు జవాబు రోగి నోటనే దొరుకుతుంది.

బైపోలార్ జబ్బుకు వాడే లిథియం ఉక్కు పట్టణంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన మందు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాని గుణాన్ని వెల్లడించాడు. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంటే అది మందు, 1.5 దాటితే విషం కింద లెక్క. అందుకే చివరి మోతాదు తర్వాత 12 గంటలకు రక్తం తీసి పరీక్షిస్తారు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటకు వదలక పట్టి ఉంచుతాయి. మే నెల ఎండలో కొలిమి దగ్గర పనిచేసి ధారలుగా చెమటోడ్చే కార్మికుడికి, లేదా విరేచనాలు పట్టుకున్న మనిషికి, మోతాదు మారకపోయినా మందు విషంగా మారే ప్రమాదం ఇందువల్లే. ఒళ్ళునొప్పులకని దుకాణంలో కొని వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా లిథియం మట్టాన్ని పెంచుతాయి. చేతుల వణుకు ముదరడం, వాంతులు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలని ఇంటివాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పాలి. షిఫ్టుల పని కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. నిద్ర చెడితే ఉన్మాదం తిరగబెడుతుంది కాబట్టి, ఇలాంటి జబ్బున్న కార్మికుడికి రాత్రి షిఫ్టు తప్పించమని వైద్యుడు ఇచ్చే సిఫారసు మాత్రతో సమానమైన చికిత్స.

తాగుడు మానిన రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వచ్చే డెలీరియం కూడా మెదడు రసాయనాల సంగతే. రోగికి గోడమీద పురుగులు కనిపిస్తాయి, ఒళ్ళంతా వణుకుతుంది, జ్వరం, చెమటలు పడతాయి. ఇది ప్రాణాంతకం. తిండి సరిగా లేని ఇలాంటి రోగికి గ్లూకోజు సెలైను ఎక్కించేముందు థయమిన్ ఇవ్వడం మరచిపోకూడదు. లేకుంటే మెదడుకు శాశ్వతమైన దెబ్బ తగలవచ్చు.

రోగి హక్కులు

బ్రిటిషు కాలంలో 1858లోనూ 1912లోనూ వచ్చిన చట్టాలు సమాజాన్ని రోగి నుంచి కాపాడటానికి రాసినవి. 1987 చట్టం కొంత మెరుగు. అయినా 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా చుట్టూ నడిచే ఆశ్రమాల్లో ఒకదానిలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. దేశం సిగ్గుపడింది. వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని భారత్ 2007లో ఆమోదించాక చట్టం మార్చక తప్పలేదు. అలా వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది.

ఈ చట్టం రోగిని నిర్ణయం తీసుకోగల మనిషిగా చూస్తుంది. మతి స్థిమితంగా ఉన్నప్పుడే తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందస్తు ఆదేశంగా రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తానే ఎంచుకోవచ్చు. స్వయంగా చేరిన రోగి వెళ్ళిపోతానంటే పంపాల్సిందే. ప్రమాదం ఉందని అనుమానం వస్తే పరీక్ష కోసం 24 గంటలు మాత్రం ఆపవచ్చు. రోగి సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ప్రతినిధి కోరికపై చేర్చుకుంటే తొలి గడువు 30 రోజులు. అంతకుమించి ఉంచాలంటే సమీక్షా బోర్డు అనుమతి కావాలి. అత్యవసరమైతే రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటలదాకా చికిత్స చేయవచ్చు.

గొలుసు వేయడం పూర్తిగా నిషిద్ధం. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా విద్యుత్ చికిత్స ఇవ్వకూడదు. పిల్లలకైతే సంరక్షకుల సమ్మతి, బోర్డు ముందస్తు అనుమతి రెండూ ఉండాలి. ఒంటరి గదిలో బంధించకూడదు. పేల బాధ అనో సులువు అనో బలవంతంగా గుండు గీయకూడదు. సొంత బట్టలు కట్టుకోనివ్వాలి. చేయించుకున్న పనికి కూలి ఇవ్వాలి. మూడేళ్ళలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదు. చదువుతుంటే చిన్న విషయాల్లా అనిపించే ఈ నిబంధనల్లో ఒక్కొక్కటీ ఎక్కడో ఎవరికో జరిగిన అవమానం నుంచి పుట్టింది.

కట్టివేత విషయంలో నర్సు బాధ్యత మరీ సున్నితం. రోగికో పక్కవారికో ఆ క్షణాన హాని తప్పించడానికి మరో మార్గం లేనప్పుడే, మనోవైద్యుడి అనుమతితో, ఎంత అవసరమో అంతసేపే కట్టవచ్చు. కారణం, సమయం రికార్డులో రాయాలి, ప్రతినిధికి 24 గంటల్లో తెలపాలి. సిబ్బంది తక్కువున్నారనో, బుద్ధి చెప్పాలనో కట్టడం చట్టవిరుద్ధం. కట్టిన చోట రక్తప్రసరణ ఆగలేదని మాటిమాటికీ చూడాలి, నీళ్ళు పట్టాలి, పక్కనే మనిషి ఉండాలి. విప్పిన తర్వాత ఎందుకు అలా చేయాల్సి వచ్చిందో రోగితో కూర్చుని మాట్లాడాలి. చాలాచోట్ల జరగనిది ఈ చివరి పనే, జరగాల్సిందీ అదే.

గోప్యత కూడా హక్కే. కంపెనీ క్వార్టర్సు ఉన్న ఊళ్ళో రోగి, నర్సు ఒకే వీధివాళ్ళు కావచ్చు, రోగి పైఅధికారి నర్సు బంధువు కావచ్చు. అడ్మిషను సంగతి కూరగాయల మార్కెట్టులో నోరు జారితే ఆ కుటుంబంలో పెళ్ళిసంబంధం తప్పిపోతుంది, ఉద్యోగంలో చిన్నచూపు మొదలవుతుంది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే 2017 చట్టం భావిస్తుంది. అతడికి కావాల్సింది సంరక్షణ, దోషిలా చూసే చూపు కాదు.

నర్సు, రోగి

పెప్లావ్ చెప్పిన సంబంధం పరిచయంతో మొదలై, నమ్మకం కుదిరి, కలిసి పనిచేసి, చివరికి వీడ్కోలుతో ముగుస్తుంది. వీడ్కోలుకు మొదటి రోజు నుంచే సిద్ధం చేయాలి. అంచనా, నర్సింగ్ నిర్ధారణ, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం అన్న క్రమాన్ని పాఠ్యపుస్తకాలు వివరిస్తాయి. ఆ క్రమానికి ప్రాణం పోసేది మాట.

‘పక్కింటివాళ్ళు నా అన్నంలో విషం కలుపుతున్నారు’ అన్న రోగితో వాదిస్తే నమ్మకం పోతుంది, ఔనంటే భ్రమ గట్టిపడుతుంది. ‘అలా అనిపిస్తుంటే ఎంత భయమేస్తుందో కదమ్మా. నాకైతే అలాంటిదేమీ కనబడలేదు. మీ పక్కనే ఉంటాను, కొంచెం తినండి’ అనడం సరైన పద్ధతి. మూత విప్పని పాల ప్యాకెట్టో తొక్క తీయని అరటిపండో ఇస్తే ఆ పూటకు ఆకలి తీరుతుంది. ఉన్మాదంలో కూర్చుని తినలేని మనిషికి నడుస్తూ తినగలిగే చపాతీ చుట్ట, లడ్డూ ఇవ్వాలి. కుంగుబాటులో ఉన్నవారిని చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చాలామందికి చెప్పుకునే వీలు దొరికి బరువు దిగుతుంది. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో మనసు తేలికపడకముందే ఒంట్లో సత్తువ తిరిగివస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో మరింత కనిపెట్టి ఉండాలి.

భాష విషయంలో వలస కుటుంబాలకు వచ్చే చిక్కు పెద్దది. తెలుగు తప్ప మరో భాష రాని ముసలామెను హిందీలో ‘ఇవాళ ఏ వారం?’ అని అడిగి, జవాబు రాలేదని మతిమరుపు కింద రాసేయడం తప్పు. దుభాషిగా కోడలినో మనవడినో పెడితే ఆమె కోడలి మీద ఫిర్యాదు ఎన్నటికీ బయటికి రాదు. కుటుంబానికి సంబంధం లేని, ఆమె మాట తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టి అడగడమే మేలు.

వార్డు బయట

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 2015-16లో జార్ఖండ్‌తో సహా 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వే, దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందనీ, సుమారు 15 కోట్ల మందికి చికిత్స అవసరమనీ తేల్చింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇంతమందికి పెద్దాసుపత్రులు సరిపోవు. జిల్లా స్థాయిలో నర్సు ఇంటికి వెళ్ళి మాత్రలు అందుతున్నాయా, నిద్ర పడుతోందా, ఇంటివాళ్ళు అలిసిపోయారా అని చూస్తే తిరిగి అడ్మిషను అవసరం తగ్గుతుంది. జార్ఖండ్‌లో మతి చలించిన ఒంటరి ఆడవాళ్ళకు డాయన్ (మంత్రగత్తె) అన్న ముద్ర పడే ప్రమాదం కూడా ఉంది కాబట్టి, ఇక్కడ ఇంటి సందర్శన ప్రాణరక్షణ కూడా. డిశ్చార్జితో పని అయిపోయిందనుకునే నర్సింగ్ సగం నర్సింగే.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇది ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.